బేస్‌బాల్ వీరుడు జేమ్స్ గాల్విన్ చరిత్రము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో న్యూయార్కు రాష్ట్రమునందు కూపర్స్‌టౌన్ అను చిన్న పట్టణము కలదు. అచ్చట 1939వ సంవత్సరమున తెరవబడిన కీర్తిమందిర మొకటి యున్నది. దానిని ఆ దేశీయులు హాల్ ఆఫ్ ఫేమ్ అందురు. బేస్‌బాల్ ఆటలో మిక్కిలి పేరుగాంచినవారి ముఖములను కంచు ఫలకములపై పోతపోసి దాని గోడల కమర్చుదురు. ఆ ఫలకమునకు మించిన గౌరవము ఆ యాటగానికి మరియొకటి లేదు. బలము నిచ్చు స్టెరాయిడ్ మందులను వాడినవారికి ఆ గోడపై చోటీయవచ్చునా, కూడదా యని ఇంచుమించు ఇరువది సంవత్సరములుగా ఆ దేశమున తగవు జరుగుచున్నది. ఆ తగవులో నూరేండ్లకు పూర్వమే మరణించిన ఒకని పేరు అప్పుడప్పుడు వినబడుచుండును. అతడు జేమ్స్ గాల్విన్. అతని చరిత్రమును మా చదువరులకు చెప్పదలచితిమి.

జేమ్స్ ఫ్రాన్సిస్ గాల్విన్ 1856వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన, క్రిస్మసు పండుగనాడు, మిస్సోరీ రాష్ట్రమందలి సెయింట్ లూయీ నగరమున జన్మించెను. ఐర్లండు దేశమునుండి వలస వచ్చిన బీదజనులు కాపురముండిన కెర్రీ పాచ్ అను పేటలో అతడు పెరిగెను. ఆ కాలమున బేస్‌బాల్ ఆడి జీతము పుచ్చుకొనుట క్రొత్త వృత్తి. గాల్విన్ 1875లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, తన యూరి జట్టులో చేరి ఆ వృత్తిలో ప్రవేశించెను.

మన బాలురు క్రికెట్టు నెరిగినవారు గనుక ఈ యాటను గూర్చి రెండు మాటలు చాలును. క్రికెట్టులో బౌలరు ఎట్టివాడో బేస్‌బాల్‌లో పిచ్చర్ అట్టివాడు. అయితే బంతిని నేలకు తగులనీయక నేరుగా బ్యాటువానికి విసరవలెను. మరియు ఆరేసి బంతులకు మరియొకడు వచ్చి భారము పంచుకొనుట ఇందు లేదు. ఆ దినములలో పిచ్చర్ మొదటి బంతి విసరిన పిమ్మట ఆట ముగియువరకు తానే విసరుచుండుట వాడుక. ఒక్కొక్క జట్టునకు ఒకరిద్దరు పిచ్చర్లే యుండిరి. ఇప్పుడు అరువదడుగుల ఆరంగుళముల దూరమునుండి విసరుదురు. గాల్విన్ ఆడిన కాలమున ఆ దూరము మొదట నలుబదియైదడుగులు, 1881 మొదలు ఏబదియడుగులు. పిచ్చర్ చేతికి తోలు తొడుగైనను ఉండెడిది కాదు.

గాల్విన్ అయిదడుగుల ఎనిమిదంగుళముల పొట్టివాడు. దిట్టమైన దేహము. వేగమునందును, ఆ వేగమును అప్పటికప్పుడు మార్చుటయందును అతనికి నేర్పు మెండు. ఎదుటివారిని పుడ్డింగు ముద్దవలె మెత్తగా చేసి విడుచునని అతనికి పుడ్ అను ముద్దుపేరు వచ్చినది. అలుపెరుగని వాడగుటచే చిన్న ఆవిరి యంత్రమనియు, మెత్తని స్వభావము గలవాడగుటచే సాధు జేమ్స్ అనియు జనులు పిలిచిరి. ఒక్క మనుష్యునికి ఇట్టి మూడు పేర్లు కలుగుటను బట్టియే అతని గుణము కొంత తెలియుచున్నది.

అతని కీర్తి పెరిగినది బఫెలో నగరపు జట్టులో. 1883లో ఆ జట్టు 98 ఆటలాడెను. వానిలో 75 ఆటలను గాల్విన్ ప్రారంభించి, 72 ఆటలను తుదవరకు తానే విసరి ముగించెను. ఆ యేట అతడు 46 ఆటలు గెలిచెను, మరుసటి యేట మరల 46 గెలిచెను. ఆ యొక్క 1883లో అతడు విసరిన ఇన్నింగ్సులు 656. నేటి పిచ్చరు ఏడాదికి రెండువందల ఇన్నింగ్సులు విసరిన గొప్ప శ్రమజీవిగా నెంచబడుచున్నాడు! 1880లో ఒకసారి, 1884లో ఒకసారి ఎదుటి జట్టువారికి ఒక్క హిట్టయినను దక్కకుండ ఆట ముగించెను. 1886లో పిట్స్‌బర్గు జట్టున ఆడుచు, ఒకే ఇన్నింగ్సులో ముగ్గురికి ఊరక మొదటి స్థావరము చేరనిచ్చి, ఆ ముగ్గురిని అచ్చటనే, పాదము స్థావరముపై లేని క్షణమున బంతి విసరి ఔటు చేయించిన చమత్కారము కూడ కలదు. 1888లో మున్నూరు విజయములు పొందెను. అంతకుముందు ఏ పిచ్చరును ఆ సంఖ్యను చేరియుండలేదు. మొత్తము మీద 365 ఆటలు గెలిచి, 310 ఆటలు ఓడెను. గెలుపులే గాక ఓటములును చెప్పుచున్నామని చదువరు లాశ్చర్యపడవలదు. సై యంగ్ అను వాడొక్కడే అతనికంటె ఎక్కువ ఆటలు ఓడెను. అన్ని సార్లు ఓడుటకు అన్నిసార్లు విసరుటకు పిలువబడవలెను గదా!

ఇక 1889వ సంవత్సరపు సంగతి. ఆ యేడు జూన్ 1వ తేదీన పారిస్ నగరమందలి జీవశాస్త్ర సంఘము నెదుట బ్రౌన్ సెకార్ అను పండితు డొక యుపన్యాస మిచ్చెను. అతడు మారిషసు ద్వీపమున పుట్టినవాడు, వెన్నుపామును గూర్చిన పరిశోధనలకు లోకప్రసిద్ధుడు. అప్పటి కతని వయస్సు 72. కుక్కలయొక్కయు గినీ పందులయొక్కయు వృషణ గ్రంథులనుండి తీసిన రసమును తన దేహములోనికి సూదితో ఎక్కించుకొంటిననియు, పోయిన బలము తిరిగి వచ్చినదనియు, మెట్లను మరల పరుగున ఎక్కగలుగుచున్నాననియు అతడు చెప్పెను. ఆ వార్త కొలది వారములలో సముద్రమును దాటెను. అమెరికాలోని వైద్యులు పలువురు ఆ రసమును చేసి రోగులకు ఎక్కింప మొదలిడిరి.

ఆగష్టు నెలలో పిట్స్‌బర్గు వైద్య కళాశాల యొకదానిలో ఈ రసమును పరీక్షింపగా, దానిని పుచ్చుకొన్నవారిలో గాల్విన్ ఒకడు. అప్పటి కతనికి ముప్పదిరెండేండ్లు. పదేండ్లకు పైగా వేలకొలది బంతులు విసరి అరిగిన భుజము. మరునాడు బోస్టను జట్టుతో ఆట. ఆ జట్టు ఆ యేట రెండవ స్థానమున నిలిచిన గట్టి జట్టు. గాల్విన్ వారికి ఒక్క పరుగైనను ఈయక తొమ్మిది సున్నాలతో గెలిచెను. బ్యాటుతో ఎన్నడును అంతగా రాణింపని వాడు ఆనాడు బ్యాటుతోను మెరసెను. వార్తాపత్రికలు ఆ విజయమును మెచ్చుకొని, రసము పనిచేయుననుట కిదియే తార్కాణమని వ్రాసినవి.

అందు మోసమను మాట యొక్కటియు లేదు. రసము పుచ్చుకొనుట రహస్యముగా జరుగలేదు. నిషేధించు నియమము ఏ పుస్తకమునందును లేదు. పత్రికలు దానిని క్రొత్త యంత్రమును, క్రొత్త రైలును మెచ్చుకొన్నట్లే మెచ్చుకొనినవి.

ఇంతకును ఆ రసములో బల మున్నదా? లేదు. బ్రౌన్ సెకార్ ఆ గ్రంథులను నీటితో నూరి వడగట్టెను. బలమునకు కారణమైన టెస్టోస్టిరోన్ అను పదార్థము నీట కరుగదు. 2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు అదే విధానమున రసము తయారుచేసి కొలువగా, మనుష్యునిపై పనిచేయదగినంత టెస్టోస్టిరోన్ అందు కనబడలేదు. కాబట్టి ఆనాడు బోస్టనును ఓడించినది గాల్విన్ చేయియు, బహుశః అతని నమ్మకమును. ఆ యేట అతడు 23 గెలిచి 16 ఓడెను. మరుసటి యేట 12 గెలిచి 13 ఓడెను. రసము అతని ముదిమిని ఆపలేదు.

నిజమైన మందు 1935లో వచ్చెను. ఆ యేట టెస్టోస్టిరోన్‌ను విడదీసి, కృత్రిమముగా కూడ చేయగలిగిరి. అందుకు సంబంధించిన పరిశోధనలకు బూటెనాంట్, రుజీచ్కా అను వారికి 1939లో నోబెల్ బహుమాన మీయబడెను. నేటి స్టెరాయిడ్ మందులు ఈ వంశమునకు చెందినవి. అవి కండ పెంచును, శ్రమపడిన దేహమును శీఘ్రముగా తేర్చును. గుండెను, కాలేయమును చెరచును. ఎదుగుచున్న బాలుడు వాడిన ఎముకల పెరుగుదల వేళకుముందే నిలిచిపోవును. ఈ సంగతిని తలిదండ్రులు ప్రత్యేకముగా గమనింతురు గాక.

1991లో బేస్‌బాల్ అధికారి ఈ మందులు నిషిద్ధములని ఉత్తరువు వ్రాసెను గాని, పరీక్షలు లేవు. 1994లో ఆటగాండ్ర సమ్మెవలన ఆ యేటి చివరి పోటీలే ఆగిపోగా, జనులు విసిగి దూరమైరి. 1998లో మార్క్ మెగ్వైర్ 70 హోమ్ రన్‌లు కొట్టగా జనులు తిరిగి వచ్చిరి. కండలెట్లు పెరిగెనని అడిగినవారు అరుదు. 2001లో బారీ బాండ్స్ 73 కొట్టెను. 2003లో పరీక్షలు మొదలయ్యెను, 2004 నుండి శిక్షలును వచ్చెను. 2007 డిసెంబరులో సెనేటరుగా నుండిన జార్జి మిచెల్ తన నివేదికలో ఎనుబదికి పైగా ఆటగాండ్ర పేర్లు పేర్కొనెను. మెగ్వైర్ 2010లో తాను వాడితినని ఒప్పుకొనెను. బాండ్స్ తెలిసి వాడలేదనెను, రోజర్ క్లెమెన్స్ అసలే వాడలేదనెను. కీర్తిమందిరమునకు ఎన్నుకొను పత్రికా రచయితలలో నూటికి 75 మంది అంగీకరింపవలెను. 2022లో, వారికి దొరకు పదవదియు చివరిదియు నగు అవకాశమున, బాండ్స్‌కు 66, క్లెమెన్స్‌కు 65 వంతులు మాత్రమే వచ్చెను. మెగ్వైర్‌కు ఎన్నడును చోటు దొరకలేదు. కాని ఆ కాలమున ఆట కధిపతిగా నుండిన బడ్ సెలిగ్‌కు 2017లో ఫలకము దొరకెను. ఇది మాకు సరిగా తోచదు. ఆటగానిని వెలుపల నిలిపి, చూచియు చూడనట్లున్న అధిపతిని లోపల కూర్చుండబెట్టుట ఏమి న్యాయము?

బాండ్స్ పక్షము వహించువారు గాల్విన్‌ను సాక్షిగా పిలుతురు. బలముకొరకు మందు పుచ్చుకొన్నవా డొకడు 1965నుండి గోడపై నున్నాడు గదా, వీరి కేల కూడదని వారి వాదము. మే మీ వాదము నంగీకరింపజాలము. మందు పనిచేసెనా లేదా యనుట ముఖ్యము కాదు. కోరిక ఇరువురిదియు ఒక్కటియే యని మేమును ఒప్పుకొందుము. అయితే గాల్విన్ పట్టపగలు పుచ్చుకొనెను, మరునాడు దేశమంతయు చదివెను. అతనితో ఆడిన ప్రతివానికిని, కావలెనన్న అదే రసము పుచ్చుకొనుటకు అడ్డు లేకుండెను. రహస్యముగా వాడువాడు తన ప్రక్కనున్న వానికి ఆ యెంపిక లేకుండ చేయును. మందు ముట్టక, రెండవ తరగతి జట్టులలోనే ఆడి, పైకి రాలేక ఇల్లు చేరిన యువకు లెందరు? వారి పేరు ఏ నివేదికలోను లేదు, ఏ ఫలకముపైనను ఉండదు. ఈ తగవులో నష్టపోయినవారు వారే యని మా యభిప్రాయము. కావున శిక్షలు వచ్చిన పిదప పరీక్షలో పట్టుబడినవానికి ఆ గోడపై చోటు కూడదు. కేవలము అనుమానముచేతనే ఒకనిని త్రోసివేయుట వేరు సంగతి. అక్కడ మేము తొందరపడి తీర్పు చెప్పము.

గాల్విన్ కడపటి దినములు చెప్పి ముగింతుము. 1890లో ఆటగాండ్రు యజమానులపై తిరుగబడి స్వంత లీగు పెట్టుకొనగా అతడును వారితో పోయెను. ఆ లీగు ఒక్క యేడే నిలిచెను. 1892లో అతడు ఆట విరమించెను. కొంతకాలము అంపైరుగా నుండెను. పిట్స్‌బర్గులో సారాయి దుకాణము పెట్టి నష్టపోయెను. దేహము స్థూలించి 300 పౌనులకు మించెనని చెప్పుదురు. పెద్ద కుటుంబము, చేత రొక్కము లేదు. 1902వ సంవత్సరము మార్చి 7వ తేదీన, నలుబదియైదవ యేట, అద్దె గదులలో బీదవాడై మరణించెను. ఆ నగరపు కల్వరీ స్మశానములో అతనిని పాతిపెట్టిరి.

1965లో పూర్వపు ఆటగాండ్రకొరకైన సంఘము అతనిని కీర్తిమందిరమునకు ఎన్నుకొనెను. ఆ యేట ఎన్నికైనవాడు అతడొక్కడే. మరణించి అరువదిమూడేండ్లయ్యెను. అతని ఫలకముపై గెలుపుల లెక్కలు కలవు. 1889 ఆగష్టు నాటి రసమును గూర్చిన మాట మాత్రము లేదు.