విలియం డావెనెంటు

ఇంగ్లండు దేశమందలి ఆక్స్‌ఫర్డు నగరమున జాన్ డావెనెంటు అను ద్రాక్షాసవ వర్తకుడుండెను. అతడు గంభీరుడు, మితభాషి. అయినను నాటకములన్న మిక్కిలి ప్రీతి గలవాడు. షేక్స్పియరు మహాకవి లండనునుండి స్వగ్రామమునకు పోవునపుడు ఆతని యింట విడియుచుండెడివాడని ఒక ప్రతీతి కలదు. ఆ యింట 1606వ సంవత్సరమున విలియము జన్మించెను. ఈ శిశువునకు షేక్స్పియరే జ్ఞానపితగా నిలిచెనని కూడ చెప్పుదురు గాని దానికి దృఢమైన ఆధారము లేదు. మహాకవి మరణించునాటికి బాలునకు పదేండ్లు.

1622లో తండ్రి గతించిన పిమ్మట విలియము లండను చేరి, ఒక ప్రభుపత్ని కొలువున కుదిరెను. క్రమముగా కావ్యములును నాటకములును రచించి రాజాస్థానమున ప్రవేశము సంపాదించెను. 1638లో మొదటి చార్లెసు రాజు అతనిని ఆస్థానకవిగా గౌరవించెను. యౌవనమున సోకిన ఒక వ్యాధివలన అతని ముక్కు వికృతమయ్యెను. తోడికవులు దానిని పట్టుకొని అతనిని ఎంతకాలమో పరిహసించిరి. అతడు మాత్రము క్రుంగక తన పని తాను చూచుకొనుచుండెను.

ఆ దినములలో సామాన్యజనులు పోవు నాటకశాలలందు చిత్రించిన దృశ్యములు లేవు. అడవియైనను కోటయైనను ప్రేక్షకులు మనసున ఊహించుకొనవలసినదే. రాజమందిరమున జరుగు వినోదములందు మాత్రము చిత్రఫలకములు, యంత్రములు, సంగీతమేళములు కన్నులపండువుగా నుండెడివి. ఆ వైభవమును పౌరులకును చూపవలెనని డావెనెంటు సంకల్పము. అట్టి నాటకశాలను నిర్మించుకొనుటకు 1639లో రాజు అనుమతిపత్రము నొసగెను. కాని ఆ సంకల్పము ఆనాడు నెరవేరలేదు.

1642లో రాజునకును పార్లమెంటునకును యుద్ధము సంభవించెను. పార్లమెంటు పక్షమున ప్యూరిటనులు ప్రబలులు. వారు నిష్ఠాపరులు, నిరాడంబరులు. నాటకము అసత్యమనియు, బాలురు స్త్రీవేషము ధరించుట ధర్మవిరుద్ధమనియు, నాటకశాలలు సోమరితనమునకు నెలవులనియు వారి విశ్వాసము. దేశము నెత్తుట తడియుచుండగా వినోదములు తగవని వారు చెప్పిన మాట మాత్రము తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. ఆ సెప్టెంబరు నెలలో ప్రదర్శనములు నిషేధింపబడెను. 1648లో శాసనము మరింత కఠినమయ్యెను. రంగస్థలములను పడగొట్టవలెను, పట్టుబడిన నటులను కొరడాలతో కొట్టవలెను, చూడవచ్చిన ప్రతివానికి 5 షిల్లింగులు జరిమానా! నటులలో పలువురు రాజసైన్యమున చేరిరి. కొందరు చాటుమాటుగా ఆడి, భటులు వచ్చినపుడు వేషములతోడనే పట్టుబడిరి.

వ్రాసిన నాటకము పెట్టెలో భద్రముగా నుండును. నటనము అట్లుండదు. పెద్దనటుని ప్రక్క నిలిచి చిన్నవాడు చూచి నేర్చుకొనవలెను. పదునెనిమిదేండ్లు ఆ వరుస తెగినచో తిరిగి కూర్చువారెవ్వరు?

డావెనెంటు రాజపక్షమున పోరాడి 1643లో సర్ బిరుదము పొందెను. 1649లో రాజును శిరచ్ఛేదము చేసిరి. మరుసటి యేట డావెనెంటు అమెరికాకు బయలుదేరగా పార్లమెంటు నౌక అతనిని నడిసముద్రమున పట్టుకొనెను. మొదట కౌస్ కోటలోను, పిదప లండను దుర్గములోను అతడు బంధింపబడెను. మరణదండన తప్పదనియే తలచిరి. ఆ చెరలో కూర్చుండియే అతడు ఒక దీర్ఘకావ్యమును కొంతదూరము సాగించెను! 1652లో విడుదల కలిగెను. శత్రుపక్షమున నున్న మిల్టను మహాకవి అతనికై మాట సాయము చేసెననియు, రాజ్యము మారిన పిదప డావెనెంటు మిల్టనుకు ఆ ఋణము తీర్చెననియు ఒక కథ పరంపరగా వచ్చుచున్నది.

చెరనుండి వచ్చినవాడు ఊరకుండలేదు. 1656 మే నెలలో లండనునందలి రట్లండు భవనమను తన నివాసమున ఒక వినోదసభ నేర్పరచెను. నాటకమను పేరే ఎత్తలేదు. సంగీతమును ఉపన్యాసములును అని మాత్రమే ప్రకటించెను. వేదికపై ఇద్దరు ప్రాచీన గ్రీకులు, తత్త్వవేత్తయగు డయోజనీసును నాటకకర్తయగు అరిస్టోఫనీసును, ప్రజలకు వినోదములు కావలెనా వలదా యని వాదించుకొనిరి. నిషేధింపబడిన నాటకము తన పక్షమున తానే వాదించుకొనె నన్నమాట. 400 మంది వత్తురనుకొనగా 150కి మించి రాలేదు. అయినను అధికారులు ఆపలేదు.

ధైర్యము వచ్చి, అదే సంవత్సరమున రోడ్సు ముట్టడి యను కథను ఆడించెను. పాత్రలు మాటలాడక పాడెదరు. అంకములకు ప్రవేశములని పేరు. వేదిక ఎత్తు 11 అడుగులు, లోతు సుమారు 15 అడుగులు. ఆ ఇరుకుచోటనే జాన్ వెబ్ చిత్రించిన సముద్రము, కోట, సైనికశిబిరములు కానవచ్చెను. కథానాయిక పాత్రను కోల్మను అను గాయకుని భార్య పాడెను. ఆంగ్లరంగమున స్త్రీ యిట్లు నిలుచుట అపూర్వము. 1658లో స్పెయినువారు పెరూ దేశమున చేసిన క్రౌర్యమును ప్రదర్శించెను. అప్పుడు ఇంగ్లండునకు స్పెయినుతో యుద్ధము. కావున ప్రభుత్వమునకు ఆ కథ చేదుగా నుండలేదు. తాను ఎదిరించి పోరాడినవారినే మెప్పించుట కొందరికి నచ్చకపోవచ్చును. కాని వేరు దారి యేదియు తెరచియుండలేదు.

1660లో రెండవ చార్లెసు సింహాసన మెక్కెను. నాటకసంఘములు నడపు హక్కును డావెనెంటునకును కిల్లిగ్రూ అనువానికిని మాత్రమే ఇచ్చి, తక్కినవారిని మాన్పించెను. నిషేధముచే నష్టపడిన విద్య మరల ఇద్దరి గుత్తసొత్తగుట న్యాయమనజాలము. అనుభవశాలులైన వృద్ధనటులు కిల్లిగ్రూ పక్షమున చేరిరి. డావెనెంటునకు దక్కినవారు యువకులు. వారిలో ముఖ్యుడు థామస్ బెటర్టను. నాటకశాలలు మూతపడునాటికి అతనికి ఏడేండ్లు. గొప్ప నటుల నెవ్వరిని చూచియెరుగడు.

1661 జూనులో ఒక టెన్నిసు ఆటశాలను మార్చి డావెనెంటు తన నాటకశాల తెరచెను. చిత్రించిన పలకలు గాళ్ళలో జారుచు రెండువైపులనుండి వచ్చి కలిసికొనును. తొలగినంతనే వెనుక మరియొక దృశ్యము! ఇరువదిరెండేండ్లనాటి సంకల్ప మట్లు ఫలించెను. ఆ వేసవిలోనే హామ్లెటు ఆడించెను. యుద్ధమునకు పూర్వము టేలరు అను నటుడు ఆ పాత్ర ధరింపగా డావెనెంటు చూచియుండెను. ఆ నడక, ఆ నిలుకడ, ఆ స్వరభేదము మాటమాటకు తలచుకొని బెటర్టనుకు నేర్పెను. టేలరుకు షేక్స్పియరే నేర్పెనని ఒక పాతగ్రంథము చెప్పుచున్నది గాని, కవి పోయిన మూడేండ్లకుగాని టేలరు ఆ సంఘమున చేరలేదు. ఏమైనను తెగిన వరుస అచ్చట అతుకుపడెను.

స్త్రీపాత్రలను ఇకమీదట స్త్రీలే ధరింపసాగిరి. ముఖ్యనటీమణులు నలుగురికి డావెనెంటు తన యింటనే వసతి కల్పించెను. షేక్స్పియరును ఎంత గౌరవించినను అతని నాటకములను యథేచ్ఛగా మార్చుటకు డావెనెంటు వెనుదీయలేదు. మాక్బెత్తులోని మంత్రగత్తెలచే పాడించి ఆడించెను. నాటి ప్రేక్షకులు మెచ్చిరి, తరువాతివారు తప్పుపట్టిరి.

1665లో లండనున మహామారి చెలరేగి నాటకశాలలు మరల మూతపడెను. అవి తెరచిన కొలదికాలమునకే, 1668 ఏప్రిలు 7వ తేదీన డావెనెంటు మరణించెను. వెస్ట్‌మినిస్టరు దేవాలయమున అతనిని పాతిపెట్టిరి. అతని భార్య మేరీ సంఘభారమును వహించి, 1671లో థేమ్సునది యొడ్డున క్రొత్త నాటకశాల తెరపించెను. బెటర్టను 1709లో, డెబ్బదియేండ్లు దాటిన పిమ్మటకూడ, హామ్లెటు వేషము ధరించెను.