జకార్తా బంగారం తర్వాత తొమ్మిది నెలలు: కోచ్ రహీమ్ సాబ్ జీవితం

1962 సెప్టెంబర్ 4. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్. జకార్తా స్టేడియం కిక్కిరిసిపోయింది, దాదాపు లక్ష మంది ఉంటారు. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని ఒక భారత అధికారి తప్పుపట్టారని అక్కడి జనం మన మీద మండిపడుతున్నారు. మన ఆటగాళ్లు గ్రౌండ్‌లో అడుగుపెట్టగానే ఈలలు, కేకలు. ఎదుట దక్షిణ కొరియా. అదే టోర్నీ మొదటి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన జట్టు.

గోల్‌కీపర్ తంగరాజ్ ఫ్లూ నుంచి అప్పుడే లేచాడు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడ్డాయి. అలాంటి మనిషిని కూర్చోబెట్టకుండా ఫార్వర్డ్‌గా ఆడించారు కోచ్. పీకే బెనర్జీ ఒక గోల్, ఆ కుట్ల తలతో జర్నైల్ ఇంకో గోల్. 2-1తో బంగారం మనది.

ఆ కోచ్ మన హైదరాబాదీ, సయ్యద్ అబ్దుల్ రహీమ్. 2024లో వచ్చిన మైదాన్ సినిమాతో ఈ తరం పిల్లలకూ ఆ పేరు తెలిసింది. పాతబస్తీ పెద్దలకైతే సినిమా అవసరం లేదు, వాళ్లకు ఆయన ఎప్పుడూ రహీమ్ సాబే.

1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువు, అక్కడే ఆట. డిగ్రీ అయ్యాక టీచర్ ఉద్యోగం. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆ పనిలోకే మారారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయితే, చనిపోయేదాకా ఆ బాధ్యత ఆయనదే. 1950 నుంచి సిటీ పోలీస్ జట్టు ఆయన చేతిలోకి వచ్చింది. బొంబాయి రోవర్స్ కప్‌ను ఆ జట్టు వరుసగా అయిదేళ్లు ఇంటికి తెచ్చింది. కలకత్తా పెద్ద క్లబ్బులకు అది మింగుడుపడని సంగతి.

ఆయన పనితీరులో అసలు విశేషం ఏంటంటే, గ్రౌండ్‌లో ఒక్క గంట కూడా వృథా కానిచ్చేవారు కాదు. ఊరికే ఆడుకుని పోతే ఆట రాదని ఆయన లెక్క. కుడికాలి వాళ్లకు ఎడమకాలితోనే ఆడే పోటీలు పెట్టేవారు. డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి తగలగానే పాస్ ఇవ్వాలి అనే నియమంతో టోర్నీలు నడిపారు. పొట్టి పిల్లలకు వేరే టోర్నీ. ఒంటి దారుఢ్యం, ఊపిరి, క్రమశిక్షణ, ఈ మూడూ లేనివాడికి జట్టులో చోటు కష్టం. బడిలో పాఠం చెప్పినట్టే గ్రౌండ్‌లోనూ చెప్పారు. మాస్టారు కదా.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి మొదటి బంగారం. మరుసటి ఏడే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తు. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో ఉత్తకాళ్లతో ఆడారు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీఫైనల్ చేరాం, నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా జట్టు సెమీస్ చేరడం అదే మొదలు. బలరాం, తంగరాజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, లతీఫ్, అజీజుద్దీన్... ఆ జట్టులో మన హైదరాబాద్ వాళ్లే ఎంతమందో. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1. ఆ జట్టులో ఆయన కొడుకు హకీమ్ కూడా ఉన్నారు.

కానీ ఒక్క విషయంలో రహీమ్ సాబ్ తన మీద తాను ఆ కోచ్ గిరీ చేసుకోలేకపోయారు. అది సిగరెట్. ఒకటి ఆరకముందే ఇంకొకటి వెలిగించే అలవాటు. అందరి ఊపిరినీ పెంచిన మనిషి తన ఊపిరితిత్తులకు మాత్రం సెలవు ఇవ్వలేదు. ఆయన్ని తప్పుపట్టడం తేలికే, కానీ ఆ రోజులు వేరు. దావత్‌లో, ఆఫీసులో, ఆఖరికి క్లాసు గది బయట కూడా సిగరెట్ తాగడం మర్యాదే. దానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం ఉందని బ్రిటన్‌లో డాల్, హిల్ 1950లోనే రాశారు. లండన్ డాక్టర్ల కాలేజీ పెద్ద నివేదిక 1962లో వచ్చింది. మన ఇళ్లదాకా ఆ మాట రావడానికి ఇంకా ఎన్నో ఏళ్లు పట్టింది. ఇప్పుడు పెట్టె మీదే బొమ్మ వేసి చెబుతున్నారు, అయినా పాన్‌డబ్బా దగ్గర గుంపు తగ్గలేదు, అది వేరే సంగతి.

జకార్తా నుంచి వచ్చాక క్యాన్సర్ ఆయన్ని వదల్లేదు. 1963 జూన్ 11న ఇంతెకాల్ అయ్యారు. వయసు 53. కోచ్‌కు అది పెద్ద వయసేం కాదు, అనుభవం పండే వయసు. 1964 టోక్యో ఒలింపిక్స్‌కు ఏడాదిన్నర కూడా లేదు. సిగరెట్ ప్రాణం తీస్తుందని అమెరికా ప్రభుత్వ వైద్యాధికారి ప్రపంచానికి చాటిన నివేదిక సరిగ్గా ఏడు నెలల తర్వాత, 1964 జనవరి 11న వెలువడింది.

టోక్యోకు మన జట్టు వెళ్లలేదు, ఆ తర్వాత ఒలింపిక్స్ ఫుట్‌బాల్ మళ్లీ ఆడిందీ లేదు. ఆసియా క్రీడల్లో బంగారం మళ్లీ రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో ఒక కాంస్యం వచ్చింది, అంతే. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, ఆయనా హైదరాబాద్ వాడే.