ద్రాక్షతోటలలో జెఫర్సన్

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను రచించిన థామస్ జెఫర్సన్ పేరు విద్యార్థిలోకమునకు సుపరిచితము. ఆయన నలుబదినాలుగవ యేట ద్రాక్షతోటల వెంట విద్యార్థియై తిరిగిన వృత్తాంతము మాత్రము అంతగా ప్రచారము పొందలేదు.

జెఫర్సన్ 1743 ఏప్రిల్ 13న వర్జీనియాలో జన్మించెను. తండ్రి పీటర్ భూములు కొలిచి దేశపటములు గీసినవాడు. కన్నులతో చూచి, కొలిచి, వ్రాసికొను అలవాటు కుమారునకు పితృధనముగా లభించినదనవచ్చును. 1773లో ఇటలీనుండి వచ్చిన ఫిలిప్ మాజ్జెయి ఆయనకు పొరుగువాడై ద్రాక్షసాగునకు పూనుకొనెను. ఆ సాంగత్యమున జెఫర్సన్‌కు ద్రాక్షాసవముపైగల మక్కువ జిజ్ఞాసగా మారెను.

1782లో భార్య మార్తా మరణించెను. రెండేండ్ల పిమ్మట పెద్దకుమార్తె పాట్సీని వెంటగొని ఆయన పారిస్ చేరెను. 1785లో అచట అమెరికా రాయబారి యయ్యెను. మరుసటి యేట కుడి మణికట్టునకు గాయమైనది. దక్షిణమునగల వేడినీటి ఊటలలో స్నానము చేయుట హితమని వైద్యులు సూచించిరి. 1787 ఫిబ్రవరి 28న ఆయన బయలుదేరెను. చికిత్స ఒక నిమిత్తము. లోకమును చూచుటయే అసలు ప్రయోజనము.

బర్గండీ సీమలో పారాన్ అను పీపాలు చేయువాడు ఆయనకు మార్గదర్శి యయ్యెను. పొమ్మార్, వోల్నే గ్రామములలో కూలివాండ్రు మంచి గోధుమరొట్టె తినుచుండిరి. చేరువనున్న మెర్సోలో రై అను ముతకధాన్యపు రొట్టెయే వారికి ఆహారము. ఈ భేదమునకు కారణమేమని జెఫర్సన్ ప్రశ్నించెను. మెర్సోలో తయారగు తెల్లని ఆసవము ఎఱ్ఱనిదానికంటె తఱచుగా నాసిరకమై అమ్ముడుపోక నిలిచిపోవుననియు, అందుచే రైతు పనివారికి మంచి తిండి పెట్టజాలడనియు తెలిసికొనెను. పానపాత్రలోని రుచికిని పాటకజనుని రొట్టెకును గల సంబంధము ఆయన పుస్తకమున కెక్కెను.

ఆల్ప్స్ పర్వతములు దాటి ఇటలీ చూచి, మరల ఫ్రాన్సు ప్రవేశించి, బండిని పడవపై నెక్కించుకొని లాంగెడాక్ కాలువమీద సాగుచు ఆయన పాట్సీకి లేఖ వ్రాసెను. బోర్డో తోటలు దర్శించి జూన్ 10న పారిస్ చేరెను. మరుసటి వత్సరము రైన్ తీరమును, షాంపేన్ సీమను చూచెను.

1789లో స్వదేశమునకు మరలిన పిమ్మట అధ్యక్షుడు వాషింగ్టన్‌కు ఆసవములు తెప్పించి యిచ్చెను. విస్కీవంటి ఘాటుసారాయములకు విరుగుడుగా ద్రాక్షాసవముపై సుంకము తగ్గింపవలెనని వాదించెను. 1807లో మాంటిసెల్లోలో 24 యూరపు జాతులకు చెందిన 287 తీగలు నాటించెను. అవి నిలువలేదు. వేళ్ళను పీల్చు ఫిలాక్సెరా కీటకము గుట్టు 19వ శతాబ్ది ఉత్తరార్ధమునగాని బయటపడలేదు.

ఆ నేలను త్రవ్వినవారు కూలివాండ్రు కారు, బానిసలు. జీవితకాలమున ఆయన అధీనమున ఆరువందలమందికి పైగా బానిసలుండిరి. బానిసత్వము దోషమని ఆయనయే వ్రాసెను. వారిలో విముక్తి నొందినవారు మాత్రము అతిస్వల్పులు. 1826 జూలై 4న లక్ష డాలర్లకు మించిన ఋణముతో కన్నుమూసెను. 1827 జనవరిలో 130 మంది మనుష్యులను వేలమునకు పెట్టిరి.

మెర్సోలో పరుల రొట్టెను చూచి కారణమడిగిన ఆ కుశాగ్రబుద్ధి, తన గడపలోని ప్రశ్నను మాత్రము జవాబు లేకయే విడిచిపోయెను. చూచుట ఒక విద్య. చూచినదానిని తనకు అన్వయించుకొనుట అంతకంటె కఠినమైన విద్య.