తమ్ముడి పేరు మీద అక్క పాట



ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నేను ఈ హాస్టల్లోనే చదివాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. ఇప్పుడు పీజీ చేస్తున్నాను. వార్షికోత్సవ సంచికకు ఎవరైనా గొప్పవారి జీవితం రాసి పంపమని సార్లు అడిగారు. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి మన సంచికలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని ఈసారి నేను ఒక అక్క గురించి రాస్తున్నాను. ఆమె పేరు ఫ్యానీ మెండెల్‌సన్. పాశ్చాత్య సంగీతం నేర్చుకునేవాళ్లకు ఆ పేరు బాగా తెలుసు. ఆమె మన దేశం మనిషి కాదు, పేదింటి పిల్ల కూడా కాదు. అయినా ఆమె కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చివర్లో చెబుతాను.

మీరు చర్చి పెళ్లికి వెళ్లినా, సినిమాలో అలాంటి పెళ్లి చూసినా, పెళ్లయ్యాక వధూవరులు నడిచి వస్తున్నప్పుడు ఒక బాణీ మోగడం వినే ఉంటారు. దాన్ని కట్టినవాడు జర్మనీకి చెందిన ఫెలిక్స్ మెండెల్‌సన్. ఆ ఫెలిక్స్‌కు ఫ్యానీ సొంత అక్క.

కాలినడకన వచ్చిన తాత

వీళ్ల తాత మోజెస్ మెండెల్‌సన్ యూదుడు. ఆ రోజుల్లో జర్మనీలో యూదులంటే చిన్నచూపు. మోజెస్ పద్నాలుగేళ్ల వయసులో, 1743లో, చదువు కోసం డెస్సౌ అనే ఊరి నుంచి బెర్లిన్‌కు నడిచి వచ్చాడు. బెర్లిన్ నగరంలోకి వెళ్లడానికి చాలా ద్వారాలున్నా యూదులను ఒకే ద్వారం గుండా రానిచ్చేవారు. ఆ కుర్రవాడే తర్వాత పట్టు మిల్లులో లెక్కలు రాస్తూ, రాత్రుళ్లు చదువుకుంటూ దేశమంతా గౌరవించే తత్వవేత్త అయ్యాడు. ఆయన కొడుకు అబ్రహాం బ్యాంకు వ్యాపారంలో బాగా సంపాదించాడు. అబ్రహాం, లేయా దంపతులకు నలుగురు పిల్లలు. ఫ్యానీ 1805 నవంబర్ 14న, ఫెలిక్స్ 1809 ఫిబ్రవరి 3న హాంబర్గ్ నగరంలో పుట్టారు. తర్వాత రెబెకా, పౌల్ పుట్టారు. 1811లో కుటుంబం బెర్లిన్‌కు వచ్చేసింది.

నలుగురికీ సంగీతం వచ్చు. రెబెకా పాడేది, పౌల్ చెల్లో వాయించేవాడు. కానీ ఫ్యానీ, ఫెలిక్స్‌ల విద్య వేరు.

ఒకే గురువు, ఒకే పియానో

పిల్లలకు మొదట పియానో నేర్పింది తల్లి లేయా. తర్వాత అక్కాతమ్ముళ్లిద్దరికీ ఒకే గురువులను పెట్టారు. స్వరరచన నేర్పిన జెల్టర్ బెర్లిన్‌లో పేరున్న ఆచార్యుడు. పదమూడేళ్ల వయసులో, 1818లో, ఫ్యానీ బాఖ్ అనే మహా విద్వాంసుడి 24 రచనలను పుస్తకం చూడకుండా తండ్రి ముందు వాయించింది. పెద్ద పెద్ద విద్వాంసులకే కష్టమైన పని అది! ఫెలిక్స్ ఏది రాసినా ముందు అక్కకే చూపించేవాడు. ఆమె బాగుందంటేనే అతనికి ధైర్యం.

ఇంతవరకు ఇద్దరిదీ ఒకే దారి. అక్కడ నుంచి దారులు చీలాయి.

రెండు ఉత్తరాలు

1820లో తండ్రి పారిస్ నుంచి ఫ్యానీకి ఒక ఉత్తరం రాశాడు. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు. సంగీతం ఫెలిక్స్‌కు బహుశా వృత్తి అవుతుందేమో గానీ నీకు మాత్రం అది ఒక అలంకారమే, అంతకు మించి కాకూడదు అన్నది దాని సారాంశం. మరుసటి ఏడు గురువు జెల్టర్ పన్నెండేళ్ల ఫెలిక్స్‌ను మహాకవి గోథే ఇంటికి తీసుకువెళ్లాడు. ఫ్యానీ ఇంట్లోనే ఉంది.

రెండో ఉత్తరం 1828లో వచ్చింది. అది ఆమె ఇరవై మూడో పుట్టినరోజు. ఇక బుద్ధిగా గృహిణి కావడానికి సిద్ధపడాలి, ఆడపిల్లకు ఉన్న వృత్తి అదొక్కటే అని తండ్రి మళ్లీ రాశాడు. నాకు కూడా ఇప్పుడు ఇరవై మూడేళ్లే. ఈ వయసులో నాకు ఇంటి నుంచి ఫోన్ వస్తే, బాగా చదువుకో, ఇంటి సంగతి మేము చూసుకుంటాం అంటారు. అదే ఏడు ఫ్యానీ పియానో మీద వాయించే ఒక పెద్ద రచన చేసింది. దాని పేరు ఈస్టర్ సొనాటా. ఆ రచన సంగతి మళ్లీ చెబుతాను, గుర్తు పెట్టుకోండి.

తండ్రి చెడ్డవాడు కాదు. కూతురికి చదువు, సంగీతం చెప్పించింది ఆయనే. అయితే ఆ రోజుల్లో కలిగినవారి ఆడవాళ్లు నలుగురిలో వాయించి డబ్బు తీసుకుంటే పరువు తక్కువ అనుకునేవారు. సంగీతం మాస్టారి కూతురు క్లారా షూమన్ మాత్రం చిన్నప్పటి నుంచి ఊరూరా కచేరీలు చేసింది, పెళ్లి చేసుకుని ఎనిమిది మంది పిల్లల్ని కన్నది, అయినా కచేరీలు మానలేదు. ఆమె సంపాదన మీదే ఆ ఇల్లు చాలాకాలం నడిచింది. ఇల్లూ కచేరీ రెండూ కలవవు అన్న మాట నిజం కాదని దీన్నిబట్టి మనకు తెలుస్తుంది. లేనివాళ్ల ఆడవాళ్లు పనికి పోకపోతే గడవదు, ఉన్నవాళ్ల ఆడవాళ్లు బయటకు వస్తే పరువు పోతుంది. ఈ రెండూ మన ఊళ్లోనూ చూస్తున్నవే కదా!

పేరు లేని పాటలు

ఫెలిక్స్ 1827లో పన్నెండు పాటల పుస్తకం, 1830లో మరో పన్నెండు పాటల పుస్తకం అచ్చు వేయించాడు. రెండింటిలోనూ మూడేసి పాటలు ఫ్యానీవి. ఎక్కడా ఆమె పేరు లేదు. 1842లో ఫెలిక్స్ లండన్‌లో విక్టోరియా రాణిని కలిశాడు. రాణి తనకు నచ్చిన అతని పాటను ఏరుకుని పాడింది. తీరా చూస్తే అది ఇటలీ మీద ఫ్యానీ కట్టిన పాట! అది తన అక్క పాట అని ఫెలిక్స్ అక్కడే ఒప్పుకోవలసి వచ్చింది.

పెళ్లి

ఫ్యానీ విల్‌హెల్మ్ హెన్సెల్ అనే చిత్రకారుణ్ణి ప్రేమించింది. ఆయన పేద పాస్టరు కొడుకు. చిత్రకళ నేర్చుకోవడానికి ఐదేళ్లు రోమ్‌లో ఉంటే, అన్నాళ్లూ వాళ్లిద్దరూ ఉత్తరాలు రాసుకోవడానికి తల్లి ఒప్పుకోలేదు. అయినా ఇద్దరూ ఆగారు. 1829 అక్టోబర్ 3న పెళ్లి జరిగింది. పెళ్లికి సంగీతం రాసి పంపుతానన్న ఫెలిక్స్ లండన్‌లో మోకాలికి దెబ్బ తగిలి రాలేకపోయాడు, సంగీతమూ అందలేదు. పెళ్లి ముందురోజు రాత్రి ఫ్యానీ కూర్చుని కావలసిన సంగీతం తానే రాసుకుంది. లోకంలోని పెళ్లిళ్లకు బాణీ ఇచ్చిన తమ్ముడి బాణీ సొంత అక్క పెళ్లికి అందలేదు!

మరుసటి ఏడు కొడుకు పుట్టాడు. తనకు ఇష్టమైన బాఖ్, బీథోవెన్‌ల పేర్లతో పాటు తమ్ముడి పేరు కూడా కలిపి సెబాస్టియన్ లుడ్విగ్ ఫెలిక్స్ అని పెట్టుకుంది. పెళ్లయితే సంగీతం ఆగిపోతుందని తండ్రి అనుకున్నాడు. అలా జరగలేదు. రాయమనీ, రాసింది అచ్చు వేయించమనీ ప్రోత్సహించింది భర్తే.

ఇంట్లోనే కచేరీ

బెర్లిన్‌లో లైప్‌జిగ్ వీధి 3వ నంబరు ఇంటి తోటలో ఒక పెద్ద హాలు ఉండేది. తల్లిదండ్రులు మొదలుపెట్టి ఆగిపోయిన ఆదివారం కచేరీలను 1831 నుంచి ఫ్యానీ తిరిగి నడిపించింది. ఏం వాయించాలో నిర్ణయించేది ఆమె, పాడేవాళ్లకు నేర్పేది ఆమె, ముందు నిలబడి నడిపించేది ఆమె. లిస్ట్ లాంటి విద్వాంసులు వచ్చి వినేవారు. ఇదంతా ఇంట్లో జరిగేది కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. అదే బయట వేదిక మీద ఆమె వాయించినట్టు తెలిసింది ఒక్కసారే. 1838లో ఒక ధర్మకార్యం కోసం చేసిన కచేరీలో వాయించింది. ఆ రోజు వాయించిన రచన కూడా తమ్ముడిదే.

1839లో భర్తతో, కొడుకుతో కలిసి ఇటలీ వెళ్లింది. రోమ్‌లో ఉన్న ఫ్రెంచి కుర్ర కళాకారులు ఆమె వాయించింది విని ముగ్ధులయ్యారు. ఇంటి పిల్లగా కాక కళాకారిణిగా తనను చూసిన ఆ రోజులు ఆమెకు ఎంతో సంతోషాన్నిచ్చాయి. తిరిగి వచ్చాక 1841లో పన్నెండు నెలల మీద పన్నెండు పియానో రచనలు చేసింది. వాటికి బొమ్మలు వేసింది భర్త.

తమ్ముడి అభ్యంతరం

తండ్రి 1835లో చనిపోయాడు. అప్పటికి ఫెలిక్స్ లైప్‌జిగ్ నగరంలో ప్రసిద్ధ వాద్యబృందాన్ని నడుపుతున్నాడు. ఇక అక్కకు అడ్డు ఎవరు? తమ్ముడే! 1837లో తల్లి లేయా, అక్క రచనలు అచ్చు వేయించమని నువ్వైనా చెప్పు అని ఫెలిక్స్‌ను అడిగింది. అతను ఒప్పుకోలేదు. ఫ్యానీకి ఇల్లే ముఖ్యమనీ, అచ్చు వేయించడమంటే ఒక వృత్తిలో దిగడమనీ, దానికి తాను ప్రోత్సహించననీ బదులు రాశాడు. అక్క పాట మీద ప్రేమ ఉంది, అక్క తీర్పు మీద నమ్మకం ఉంది, అక్క పేరు పుస్తకం మీద పడటానికి మాత్రం మనసు ఒప్పలేదు.

నలభై ఏళ్లకు

1846లో ఇద్దరు ప్రచురణకర్తలు ఆమె రచనలు అడిగారు. ఈసారి ఫ్యానీ ఆగలేదు. పద్నాలుగేళ్లప్పుడు నాన్నకు భయపడ్డట్టే నలభై ఏళ్లప్పుడు తమ్ముళ్లకు భయపడుతున్నానని ఫెలిక్స్‌కు ఉత్తరం రాస్తూనే, అచ్చు వేయిస్తున్నానని కూడా చెప్పేసింది. అనుమతి అడగలేదు, తెలియజేసింది! నెల రోజులకు ఫెలిక్స్ దీవిస్తూ జవాబు రాశాడు. ఆరు పాటల మొదటి సంపుటం ఫ్యానీ హెన్సెల్ అన్న పేరుతో వెలువడింది. పాటలు, పియానో రచనలు వరుసగా అచ్చయ్యాయి.

ఆ సంతోషం ఏడాది కూడా నిలవలేదు. 1847 మే 14న ఆదివారం కచేరీ కోసం తమ్ముడి రచన ఒకటి రిహార్సల్ చేయిస్తుండగా పియానో మీద ఆమె చేతులు పట్టు తప్పాయి. మెదడులో నరం చిట్లి ఆ రాత్రే కన్నుమూసింది. ఇంకా 42 ఏళ్లు నిండలేదు. వార్త విని ఫెలిక్స్ కుప్పకూలాడు. ఆ దుఃఖంలోనే అక్క కోసం ఒక రచన చేశాడు. అచ్చుకాని ఆమె రచనలు వెలుగులోకి తెచ్చే పని కూడా మొదలుపెట్టాడు. కానీ ఆరు నెలలు తిరగకుండానే, నవంబర్ 4న, 38 ఏళ్ల వయసులో అతనూ చనిపోయాడు. బెర్లిన్‌లో ఇద్దరి సమాధులూ పక్కపక్కనే ఉన్నాయి.

ఆమె రచనలు 450కి పైగా ఉన్నాయని ఇప్పుడు లెక్క తేలింది. ఇరవై మూడో ఏట రాసిన ఆ ఈస్టర్ సొనాటా 1970లో పారిస్‌లో బయటపడింది. అందరూ ఫెలిక్స్‌దే అనుకున్నారు. అది ఫ్యానీ చేతిరాత అని 2010లో ఏంజెలా మేస్ అనే పరిశోధకురాలు నిరూపించింది. 2017 మార్చి 8న, అంతర్జాతీయ మహిళా దినోత్సవం నాడు, లండన్‌లో ఫ్యానీ పేరు మీదే దాన్ని వాయించారు. ఒక పాట తన సొంత పేరు చేరడానికి 189 ఏళ్లు పట్టింది!

ఈ కథ నాకెందుకు?

తమ్ముళ్లారా, ఇల్లా, సంగీతమా అని ఫ్యానీ జీవితం గురించి అంటుంటారు. నాకు అలా అనిపించలేదు. ఆమె ఇల్లు నడిపింది, కొడుకును పెంచింది, 450 రచనలు చేసింది. రెండూ చేయగలిగింది. చేయగలవు అని ఇంట్లో మగవాళ్లు అనడమే ఆలస్యమైంది. ఫెలిక్స్‌కు మాత్రం ఇల్లా, సంగీతమా అని ఎవరూ ఉత్తరం రాయలేదు. అతనికీ పెళ్లయింది, ఐదుగురు పిల్లలు కూడా.

ఇక నాకు నిద్ర ఎందుకు పట్టలేదంటే, ఈ కథలో నేను ఫ్యానీని కాదు, ఫెలిక్స్‌ను. నేను ఈ హాస్టల్లో చేరిన ఏడే మా అక్క ఏడో తరగతిలో బడి మానేసింది. అమ్మానాన్నలు కూలికి పోతే ఇంట్లో చిన్నదాన్ని చూసుకోవడానికి మనిషి కావాలి. నన్ను ఉండమని ఎవరూ అనలేదు. నేను కూడా ఒక్కసారైనా నేను ఉంటాను, అక్కను పంపండి అనలేదు. ఇప్పుడు మా అక్కకు ఇద్దరు పిల్లలు. నాట్లప్పుడు అక్క పాట ఎత్తుకుంటే మడిలో ఆడవాళ్లంతా అందుకుంటారు. పాత బాణీకి కొత్త మాటలు తానే కట్టి పాడుతుంది. ఊరంతా ఆ పాటలు పాడుతుంది గానీ అవి మా అక్కవని ఎవరూ అనరు.

మొన్న దసరాకు ఊరెళ్లినప్పుడు రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి కొని తీసుకుపోయాను. అక్క పాడుతుంటే పన్నెండు పాటలు రాసుకున్నాను. అట్ట మీద అక్క పేరు రాసి చూపిస్తే నవ్వి, నా పేరెందుకురా, చదువుకున్నోడివి నీ పేరు రాసుకో అంది. నేను కొట్టేయలేదు.

మీరు కూడా సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ అక్కనో చెల్లెనో ఒక్క మాట అడగండి. నువ్వేం చదవాలనుకున్నావు, నీకేం చేయాలని ఉంది అని అడగండి. ఇంకా బడికి పోతుంటే, ఆమెను మానిపిద్దామని ఇంట్లో మాట వచ్చిన రోజు నాలాగా ఊరుకోకండి. ఫ్యానీకి ఆ మాట చెప్పడానికి తమ్ముడికి తొమ్మిదేళ్లు పట్టింది, మనకు అంత అక్కర్లేదు.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

మీ అన్న,
హాస్టల్ పూర్వ విద్యార్థి