జీతము వద్దన్న కెప్టెన్



మన తొరపాడివారు ఆర్కాటు వెళ్లినప్పుడు పాలారు ఒడ్డున పాత ఢిల్లీ గేటు చూసే ఉంటారు. దానిమీది చిన్న గదిని క్లైవు గది అంటారు. ఆ క్లైవు సంగతి చెప్పుకొందాము.

రాబర్ట్ క్లైవు 1725లో ఇంగ్లండులో పుట్టాడు. 1744లో ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా మద్రాసు చేరాడు. లెక్కల పుస్తకాలు అతనికి సరిపడలేదు. 1746లో ఫ్రెంచివారు మద్రాసు పట్టుకోగా, మారువేషంతో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటకు తప్పించుకొన్నాడు. 1747లో ఎన్‌సైన్ అనే చిన్న సైనిక పదవి దొరికింది. యుద్ధం ఆగాక మళ్లీ కంపెనీ కొలువు, సైన్యానికి సరుకులు సమకూర్చే పని.

ఇంతలో కర్ణాటక నవాబు గద్దె కోసం అంతర్యుద్ధం వచ్చింది. 1749 ఆగస్టు 3న, గుడియాత్తానికి దగ్గరి ఆంబూరు వద్ద నవాబు అన్వరుద్దీన్ హతుడయ్యాడు. చందా సాహెబు ఫ్రెంచివారి అండతో నవాబయ్యాడు. అన్వరుద్దీన్ కుమారుడు మహమ్మదాలీ తిరుచిరాపల్లి కోటలో చిక్కుకొన్నాడు. ఇంగ్లీషువారు ఇతని పక్షము.

1751లో క్లైవు మద్రాసు కౌన్సిలును ఒక కోరిక కోరాడు. జీతము అక్కరలేదు, కెప్టెన్ హోదా ఇస్తే చాలును. కంపెనీవారికి ఖర్చులేని బేరము, కాదంటారా? హోదా ఇచ్చారు. చందా సాహెబు బలమంతా తిరుచిరాపల్లి వద్ద ఉన్నది గనుక, ఆర్కాటు మీద పడితే అక్కడి ముట్టడి సడలుతుందని ఆలోచన. గవర్నరు సాండర్సు ఒప్పుకొన్నాడు. 200 మంది తెల్లవారు, 300 మంది దేశీ సిపాయిలు, 8 మంది అధికారులు బయలుదేరారు. ఆ అధికారులలో నలుగురు నిన్నటిదాకా కలం పట్టినవారే!

ఉరుముల వానలో వస్తున్న ఈ దండును గురించి విని కోటలోనివారు పోరాడకుండానే వెళ్లిపోయారు. అసలు కష్టం తరువాత వచ్చింది. చందా సాహెబు కుమారుడు రాజా సాహెబు కోటను 50 రోజులు ముట్టడించాడు. మన వేలూరు కోట నుండి ముర్తజా అలీ కూడా సేనతో వచ్చి అతనితో కలిశాడు. లోపల తిండి తరిగిపోయింది. సిపాయిలు అన్నం తెల్లవారికి విడిచి తాము గంజితో సరిపెట్టుకొన్నారని ఒక కథ ఉన్నది. గుత్తి మురారిరావు మరాఠా గుర్రపుదళం సాయానికి కదిలిందని తెలిసి, రాజా సాహెబు ఆఖరి దాడి చేసి ఓడి మరలిపోయాడు.

1756లో క్లైవుతో బెంగాలు వెళ్లిన మద్రాసు సిపాయిలను అక్కడివారు తిలంగాలు అన్నారు, అనగా తెలుగువారు. ఆ పేరు తరువాత సిపాయిలందరికీ అంటుకొన్నది. జీతము వద్దన్న మనిషి మాత్రం ఆ బెంగాలులోనే నవాబు ఖజానా నుండి అపారమైన ధనం పొందాడు. 1773లో దానిమీద పార్లమెంటులో వాదన జరిగి, శిక్ష లేకుండా బయటపడ్డాడు. 1774 నవంబరు 22న, 49 ఏండ్లకు, లండనులోని తన ఇంట చనిపోయాడు. తన చేతితోనే అని ఎక్కువమంది నమ్మకము.

ఆర్కాటులో గదికి అతని పేరున్నది. గంజి త్రాగిన సిపాయిలలో ఒక్కరి పేరూ అక్కడ లేదు.