గాజుల లక్ష్మీనరసు శెట్టి

మన విశాఖపట్టణం మద్రాసు రాజధానిలో ఒక జిల్లాగా ఉన్న రోజులవి. రైతుకు గాని, నేతగానికి గాని ఓటు లేదు. వారి బ్రతుకులను శాసించే చట్టాలు సముద్రాల అవతల లండనులో తయారయ్యేవి. సూయజ్ కాలువ త్రవ్వక పూర్వమే, అక్కడి పార్లమెంటుకు ఇక్కడి ప్రజల గోడు వినిపించిన తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి.

ఆయన 1806లో మద్రాసులో జన్మించాడు. వారిది నీలిమందు, వస్త్ర వ్యాపారాలలో ధనమార్జించిన కుటుంబం. ఆ ధనంతోనే 1844లో 'క్రెసెంట్' అనే ఆంగ్ల పత్రికను స్థాపించాడు. క్రెసెంటంటే నెలవంక, మన ఉర్దూ విద్యార్థుల భాషలో హిలాల్. హిందువుల మేలు కోరి వెలువడిన పత్రికకు ఆ పేరుండటం నాకు ముచ్చట గొలుపుతుంది. మతం మారినవారికి పిత్రార్జితంలో హక్కు నిలిపే చట్టం ముసాయిదాగా ఉండగా ఆయన పక్షంవారు దానిని ప్రతిఘటించారు. 1850లో అది చట్టమైంది. ఆ విషయంలో నేడు మనం ఆయనతో ఏకీభవించనక్కరలేదు. అయితే చట్టం కాకముందే మాట్లాడాలన్న ఎరుక ఆయనకు ఆనాడే ఉన్నదని గ్రహించాలి.

1833 నాటి చార్టరు గడువు తీరవచ్చింది. కంపెనీ పాలనను పొడిగించే శాసనం పార్లమెంటు ముందుకు రానున్నది. సమయమెరిగిన లక్ష్మీనరసు శెట్టి 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను నెలకొల్పి, సుదీర్ఘమైన వినతిపత్రాన్ని పంపించాడు. అందులో దీనాలాపాల కంటె వివరాలే హెచ్చు: భూమిశిస్తు భారం, ఉప్పుపై గుత్తాధిపత్యం, న్యాయస్థానాల జాప్యం, బాటలు, విద్య, మగ్గాలపైన, చేతివృత్తులపైన విధించే మొతర్ఫా పన్ను. (వృత్తిని తెలిపే అరబీ పదం నుండి పుట్టిన ఈ మాటకు నేతగాండ్రు గడగడలాడేవారు.)

వినతి 1853లో పార్లమెంటుకు చేరింది. కాని ఆ ఏడే వెలువడిన చట్టం కంపెనీనే కొనసాగించింది. మరొకడైతే అక్కడితో విరమించేవాడు.

కాగితం చెప్పలేనిది కన్ను చెబుతుందని ఆయన భావించి ఉండాలి. అదే సంవత్సరం డాన్బీ సీమోర్ అనే పార్లమెంటు సభ్యుడు మద్రాసు వచ్చాడు. శెట్టి ఆయనను కడలూరు, కుంభకోణం మొదలైన చోట్లకు వెంటబెట్టుకొని వెళ్ళి, రైతులను స్వయంగా కలిపించాడు. శిస్తు చెల్లించలేని మనిషిని నడుము వంచి కట్టి ఎండలో నిలబెట్టడం, వ్రేళ్ళను కొయ్యల మధ్య నొక్కడం వంటి హింసలు ఆ అతిథికి తెలిసివచ్చాయి. విన్న మాటకూ, బాధితుని ముఖం చూసి వచ్చిన మాటకూ సభలో బరువు ఒకటి కాదు. 1854లో కామన్స్ సభ ఈ విషయాన్ని చర్చించింది. కంపెనీ పక్షంవారు కొందరు నమ్మనిరాకరించినా, విచారణ సంఘాన్ని నియమించక తప్పలేదు. శిస్తు వసూలులో చిత్రహింస జరుగుతున్న మాట నిజమేనని ఆ సంఘం 1855లో నివేదించింది. నేరమంతా దేశీయ చిరుద్యోగులపైకి నెట్టి, దొరలను తప్పించడం మాత్రం న్యాయంగా తోచదు. ఆ చిరుద్యోగి వసూలు చేసినది ఎవరి ఖజానాకు?

1858లో కంపెనీ పాలన అంతరించింది. 1863లో లక్ష్మీనరసు శెట్టి మద్రాసు శాసనసభకు సభ్యుడుగా నియమితుడైనాడు. అంతవరకు అర్జీలు వ్రాసిన చేయి అటుపిమ్మట అర్జీలు అందుకొనసాగింది. పత్రికకు, సంఘానికి, ప్రజాకార్యాలకు వెచ్చించగా ఆస్తి కరిగిపోయింది. 1868లో మరణించేనాటికి ఆ సంపన్న వర్తకుని ఇంట మిగిలినది అత్యల్పం.