జామియా కోసం 22 ఏళ్లు: డాక్టర్ జాకిర్ హుస్సేన్

జాకిర్ హుస్సేన్ సాబ్ పేరు చెప్పగానే దేశానికి మొదటి ముస్లిం రాష్ట్రపతి అని మన పిల్లలు టక్కున చెప్తారు. అది జనరల్ నాలెడ్జ్‌లో ఒక మార్కు ప్రశ్న. కానీ ఆ కుర్చీలో ఆయన ఉన్నది పది రోజులు తక్కువ రెండేళ్లే. అంతకుముందు చేతిలో పైసా లేని ఒక విద్యాసంస్థను నిలబెట్టడానికి 22 ఏళ్లు పనిచేశారు. యువత తెలుసుకోవాల్సింది ఆ కథ.

1897 ఫిబ్రవరి 8న ఆయన మన హైదరాబాద్‌లోనే పుట్టారు. వాళ్లది ఉత్తరప్రదేశ్‌లోని ఖాయంగంజ్. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ ఇక్కడ వకీలుగా ఉండేవారు. జాకిర్‌కు పదేళ్లప్పుడు, 1907లో, ఆయన చనిపోవడంతో కుటుంబం సొంతూరికి వెళ్లిపోయింది. 1911లో ప్లేగు తల్లిని కూడా తీసుకుపోయింది. అయినా చదువు ఆగలేదు. ఇటావాలోని ఇస్లామియా హైస్కూల్లో చదివి, తర్వాత అలీగఢ్ చేరారు.

1920లో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చి, ఆంగ్లేయ ప్రభుత్వ సాయంతో నడిచే కాలేజీలు వదిలేయమని విద్యార్థులకు పిలుపునిచ్చారు. జాకిర్ అప్పటికి ఎం.ఏ. చదువుతూ, అక్కడే పాఠాలు కూడా చెప్తున్నారు. రెండూ వదులుకున్నారు. అక్టోబర్ 29న అలీగఢ్‌లోనే మొదలైన జామియా మిల్లియా ఇస్లామియాలో చేరారు. 1922లో జర్మనీ వెళ్లి, బెర్లిన్‌లో ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేశారు.

ఆయన అక్కడ ఉండగానే ఖిలాఫత్ ఉద్యమం చల్లారిపోయింది, జామియాకు వచ్చే డబ్బూ ఆగిపోయింది. మూసేయాలనే మాట కూడా వచ్చింది. మూయవద్దని, తిరిగొచ్చి తాము పనిచేస్తామని జాకిర్, ఆయన మిత్రులు ఆబిద్ హుస్సేన్, ముహమ్మద్ ముజీబ్ కబురు పంపారు. 1926లో ముగ్గురూ మాట నిలబెట్టుకున్నారు. అప్పటికి జామియా ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు మారింది. 29 ఏళ్ల వయసులో జాకిర్ సాబ్ దానికి వైస్ చాన్సలర్ అయ్యారు.

హోదా పెద్దదే గానీ జీతాలివ్వడానికి డబ్బు లేదు. 1927 చివర్లో జామియాకు పెద్ద దిక్కైన హకీం అజ్మల్ ఖాన్ ఇంతేకాల్ అయ్యారు. మరుసటి ఏడాది అధ్యాపకులంతా కలిసి ఒక ప్రతిజ్ఞ చేశారు. 20 ఏళ్లు జామియాలోనే పనిచేయాలి, నెలకు 150 రూపాయలకు మించి ఎవరూ తీసుకోకూడదు. ఎకనామిక్స్‌లో డాక్టరేట్ చేసిన మనిషికి ఈ లెక్కలో తనకెంత నష్టమో తెలియక కాదు. తెలిసే ఒప్పుకున్నారు.

ఆయన మనసంతా చిన్నపిల్లల మీదే ఉండేది. బూట్లు శుభ్రంగా ఉంచుకోని విద్యార్థులకు బుద్ధి చెప్పడానికి, గేటు దగ్గర పాలిష్, బ్రష్ పట్టుకుని తనే కూర్చున్నారని చెప్తారు. ప్రైమరీ పిల్లలకు మిఠాయి పంచుతున్న రోజు, ఆయన చిన్న కూతురు రెహానా చనిపోయిందని చెవిలో చెప్పారట. ఆయన ముఖం పాలిపోయింది కానీ పంచడం ఆపలేదు. పిల్లల ముఖాల్లో సంతోషం పోకూడదనుకున్నారు. 1935లో ఓఖ్లాలో కొత్త భవనానికి పునాదిరాయి వేయించింది కూడా ఏ నాయకుడితోనో కాదు, బడిలో అందరికంటే చిన్న విద్యార్థితో.

1937లో గాంధీజీ వార్ధాలో బునియాదీ తాలీమ్ ఆలోచన ముందుకు తెచ్చినప్పుడు, దాని పాఠ్యప్రణాళిక తయారుచేసిన కమిటీకి జాకిర్ సాబే అధ్యక్షులు. చేతిపనితో కలిపి చదువు చెప్పాలన్నది దాని సారం. 1947 అల్లర్లలో జలంధర్ స్టేషన్‌లో ఆయన ప్రాణం పోవాల్సింది. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడి కాపాడారు. ఆ తర్వాత కూడా ఆయన దేశం విడిచి వెళ్లలేదు. 1948లో, విభజన దెబ్బకు చెదిరిపోయిన అలీగఢ్ యూనివర్సిటీని సర్దే బాధ్యత తీసుకున్నారు.

బీహార్ గవర్నర్, ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, 1967లో రాష్ట్రపతి పదవి, ఇవన్నీ ఆ తర్వాతే వచ్చాయి. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. జామియా ఆవరణలోనే దఫన్ చేశారు.

డిగ్రీ చేతికి రాగానే మన ఇళ్లలో మొదట అడిగేది ప్యాకేజీ ఎంత అని. ఇల్లు గడవాలి కాబట్టి ఆ ప్రశ్న తప్పు కాదు. అందరూ 150 రూపాయల ప్రతిజ్ఞ చేయనక్కర్లేదు. కానీ ఉద్యోగం చూసుకుంటూనే, మన మొహల్లాలో లెక్కలో, ఇంగ్లీషో రాక పదో తరగతి దగ్గర ఆగిపోతున్న నలుగురు పిల్లల్ని సాయంత్రం ఒక గంట కూర్చోబెట్టొచ్చు. జాకిర్ సాబ్ ప్రైమరీ పిల్లల పనిని కూడా వైస్ చాన్సలర్ పనిగానే చూశారు.